సర్దిపెట్టే పనికీ ఒక చరిత్ర ఉంది

ఇల్లు నడవడానికి చేసే పనుల్లో కొన్నిటికి పేర్లున్నాయి. వంట, కుట్టుపని, పిల్లల చదువు కనీసం పనులుగా లెక్కకొస్తాయి. రేపటికి పాలున్నాయో లేదో చూసుకోవడం, గ్యాస్ ఎప్పుడైపోతుందో గుర్తుంచుకోవడం, ఎవరికి ఏ మందు ఏ పూట ఇవ్వాలో తలలో పెట్టుకోవడం లాంటి వాటికి పేరు లేదు. సవ్యంగా జరిగినంతకాలం అవి ఎవరికీ కనబడవు. ఒక్కపూట తప్పితే మాత్రం ఇంటిల్లిపాదికీ కనబడతాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అప్పట్లో వెచ్చించేవారు. ఈ తలలో మోసే పని ఆ 299 నిమిషాల్లో కూడా పూర్తిగా చేరి ఉండదని నా అనుమానం. దాన్ని గడియారం పెట్టి కొలవడం ఎలా?

కంప్యూటర్ల లోకంలో దీనికి సరిజోడైన పని ఒకటుంది. మనం ఫోన్లో రైలు టికెట్ కొన్నా, బ్యాంకులో నిల్వ ఎంతుందో చూసుకున్నా, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ మనకి జవాబిస్తుంది. దాన్ని సర్వర్ అంటారు. అది జవాబివ్వడానికి ముందు ఎవరో ఒకరు దాన్ని సిద్ధం చెయ్యాలి. కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పాలి. ప్రోగ్రాం కొత్త రూపు తయారైనప్పుడల్లా పాతది తీసి కొత్తది పెట్టాలి. మొదటి పనిని సెటప్ అనీ, రెండోదాన్ని డిప్లాయ్‌మెంట్ లేదా రిలీజ్ అనీ అంటారు. ఒకప్పుడు మనుషులు చేత్తో చేసిన ఈ పనిని ఇవాళ ఎక్కువగా స్క్రిప్టులు చేస్తున్నాయి. స్క్రిప్టు అంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో వరసగా రాసిపెట్టిన కాగితం లాంటిది. దాన్ని చదివి అమలుచేసేది మాత్రం యంత్రం.

ఈ మార్పుని సాంకేతిక ప్రగతిగా వర్ణించే పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ పని మొదట ఎవరు చేశారు, చేతిలో ఉన్న విద్యని రాసిపెట్టింది ఎవరు, రాశాక పేరు ఎవరికి పోయింది, పని చెడినప్పుడు మేలుకునే వంతు ఎవరికి మిగిలింది అని అడుగుతూ వెళితే వేరే చరిత్ర ఎదురవుతుంది. ఆ చరిత్రని మా బోడుప్పల్ చుట్టుపక్కల నుంచే మొదలుపెట్టొచ్చు.

బోడుప్పల్‌కి ఉత్తరంగా చెంగిచెర్ల దాటితే చర్లపల్లి. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా వెళ్లినా అటే చేరతాం. ఆ ప్రాంతానికంతటికీ గుర్తుగా నిలిచిన పేరు ఈసీఐఎల్. 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఈ సంస్థకి పునాది వేసిన ఎ.ఎస్.రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. ఆయన పేరు మీదే ఎ.ఎస్.రావు నగర్ వెలిసింది. 1969లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన యంత్రం కాబట్టి పేరులో ముందు ట్రాంబే ఉంటుంది. ఈ దేశంలో తయారై ఈ దేశంలోనే అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అదొకటి.

ఆ తరం మినీ కంప్యూటర్‌ని పనికి సిద్ధం చెయ్యడమంటే ఒంటితో చేసే పని. ముందుపలక మీది మీటల్ని ఒక్కొక్కటే పైకీ కిందికీ వేసి మొదటి కొన్ని ఆదేశాల్ని ఎక్కించాలి. ఆ కాసిని ఆదేశాల సాయంతో యంత్రం చిల్లులు పొడిచిన కాగితపు టేపుని చదువుకుంటుంది. ఒక్క మీట తప్పుపడినా మళ్లీ మొదటికి రావాలి. 1978లో ఐబీఎం కంపెనీ దేశం విడిచి వెళ్లినప్పుడు ఇక్కడున్న దాని యంత్రాల్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ మీద పడింది. ఆ మూడక్షరాల పూర్తిరూపం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. పేరులోనే ఆలనాపాలనా ఉంది. సంస్థ పెద్ద పెద్ద ప్రాజెక్టులు చేపట్టాక పొట్టిపేరే అసలు పేరైపోయి, మెయింటెనెన్స్ అనే మాట తప్పుకుంది. పెద్దదైన కొద్దీ ఆ మాట మోయడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అసలు సెటప్ అనే మాట కంప్యూటర్లలోకి ఎలా వచ్చిందో తెలియాలంటే మన చర్లపల్లి కన్నా ఇరవై ఏళ్లు వెనక్కి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగి గుళ్లు ఎక్కడ పడతాయో లెక్కకట్టడానికి అక్కడ ఎనియాక్ అనే యంత్రం కట్టారు. దాదాపు 18,000 వాక్యూం ట్యూబులతో గదంతా నిండిన యంత్రం అది. కొత్త లెక్క చెయ్యించాలంటే వైర్లన్నీ ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చి, వేల మీటల్ని సరిచెయ్యాలి. దాన్నే లెక్కని సెటప్ చెయ్యడం అనేవారు. దానికి రోజులు పట్టేది. ఆ పనిని ఆరుగురు స్త్రీలకి అప్పగించారు. కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రం కట్టడం మగవాళ్ల గొప్ప పని, దాన్ని సర్దిపెట్టడం గుమాస్తా పని అనే లెక్కతోనే ఈ కేటాయింపు జరిగింది. తీరా చూస్తే ఆ సర్దుబాటే ప్రోగ్రామింగ్ అని తర్వాత తేలింది.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ని లోకానికి చూపించారు. చూపించిన లెక్కని సిద్ధం చేసింది జెన్నింగ్స్, స్నైడర్. ఆ రాత్రి జరిగిన విందుకి ఈ స్త్రీలని పిలవలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1980లలో, కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఆడవాళ్లు ఎవరని ఆరా తీస్తే, ఫ్రిజ్ ప్రకటనల్లోలాగా అందం కోసం నిలబెట్టిన మోడల్స్ అయ్యుంటారని జవాబొచ్చింది. ఆమె ఊరుకోకుండా వెతికి వాళ్లని కలుసుకోబట్టి ఇవాళ మనకా పేర్లు తెలిశాయి. పెళ్లిళ్లయ్యాక జెన్నింగ్స్ జీన్ బార్టిక్‌గా, స్నైడర్ బెట్టీ హోల్బర్టన్‌గా మారారు. ఇంటిపేరు మారిన స్త్రీని చరిత్రలో వెతకడం ఎంత కష్టమో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించే భాగం ఆ తర్వాతది. సెటప్ బాధని తగ్గించే పని మొదలుపెట్టింది కూడా ఆ పని చేసినవాళ్లే. 1947, 48ల్లో ఎనియాక్‌ని ఆదేశాలు దాచుకునే యంత్రంగా మార్చే ప్రోగ్రామింగ్ పనికి జీన్ బార్టిక్ ఒక బృందాన్ని నడిపింది. ఆ మార్పు తర్వాత లెక్క లెక్కకీ వైర్లు పీకాల్సిన అవసరం పోయింది. బెట్టీ హోల్బర్టన్ 1950ల మొదట్లో యూనివాక్ కోసం రాసిన ప్రోగ్రాం, వివరాలిస్తే తనే మరో ప్రోగ్రాం రాసిపెట్టేది. గ్రేస్ హాపర్ తొలి కంపైలర్ కూడా ఆ రోజులదే. చేత్తో వందసార్లు చేసిన మనిషికే ఏది మళ్లీ మళ్లీ వస్తోందో, ఎక్కడ చెయ్యి జారుతుందో తెలుస్తుంది. ఆటోమేషన్ అనేది ఎవరో మేధావి తలలోంచి ఊడిపడలేదు. విసుగెత్తిన చేతుల్లోంచి వచ్చింది.

1963, 64ల్లో ఎంఐటీలో లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు, రోజూ టైపు చేసే ఆదేశాల్ని ఒక ఫైల్లో రాసిపెట్టి ఒకే మాటతో నడిపించే రన్‌కామ్ అనే ప్రోగ్రాం రాశాడు. షెల్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. తర్వాత వచ్చిన యూనిక్స్ ఈ అలవాటుని అందుకుంది. ఇప్పటికీ లినక్స్ యంత్రాల్లో కొన్ని ఫైళ్ల పేర్ల చివర కనిపించే ‘ఆర్‌సీ’ అనే రెండక్షరాలు ఆ రన్‌కామ్ గుర్తే.

అయితే అప్పటికి యంత్రం ఎదురుగానే ఉండేది. అది దూరమైనప్పుడు అసలు చిక్కు మొదలైంది. మన దగ్గర ఆ దూరం 1990లలో తెలిసొచ్చింది. రైల్వే రిజర్వేషన్ల కోసం క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ 1994లో సికింద్రాబాద్‌లో మొదలై, 1999 నాటికి దేశంలోని అయిదు రిజర్వేషన్ కేంద్రాల్నీ ఒకదానితో ఒకటి కలిపింది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే పేరుతో 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాల్ని కంప్యూటర్లతో నడపడం మొదలుపెట్టింది. 214 ఊళ్లలో ఒకే ప్రోగ్రాం నడవాలంటే ఏమిటో ఊహించండి. ఒక చిన్న సవరణ వచ్చినా అన్నిచోట్లా ఒకేలా చేరాలి. ఒక్కచోట పాతది మిగిలిపోయినా అక్కడి లెక్క వేరైపోతుంది. ఒక యంత్రాన్ని సర్దడం పని. రెండొందల యంత్రాల్ని ఒకేలా సర్దడం, ఒకేలా ఉంచడం వేరే జాతి పని.

దూరం నుంచి భద్రంగా పనిచేసే దారి 1995లో వచ్చింది. ఫిన్లాండులో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలించారని తెలిశాక, తాతూ యులోనెన్ అనే పరిశోధకుడు ఎస్ఎస్‌హెచ్ రాశాడు. అటూ ఇటూ వెళ్లే మాటల్ని ఎవరికీ అర్థంకాని గుప్తలిపిలోకి మార్చి, తాళంచెవి ఉన్నవాళ్లనే లోపలికి రానిచ్చే పద్ధతి అది. ఇక యంత్రాల పేర్లు ఒక జాబితాగా రాసి, ఒక్కోదానిలోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి ఇవే ఆదేశాలు నడిపించి రమ్మని నాలుగు వరసల స్క్రిప్టు రాస్తే చాలు.

ఆ నాలుగు వరసల్లో ఒక ఇబ్బందుంది. యాభయ్యో యంత్రం దగ్గర లైను తెగిపోయిందనుకోండి. మళ్లీ మొదటినుంచి నడిపితే ముందటి నలభై తొమ్మిది చోట్లా చేసిన పనే రెండోసారి జరుగుతుంది. ఫైల్లో ఒక వరస చేర్చమంటే రెండుసార్లు చేరుతుంది. దీనికి సమాధానం వెతికినవాళ్లలో ముందువాడు మార్క్ బర్జెస్. భౌతికశాస్త్రం చదువుకున్న ఈయన 1993లో ఓస్లోలో సీఎఫ్ఇంజిన్ అనే సాధనం తెచ్చాడు. ఏం చెయ్యాలో వరసగా చెప్పకుండా, చివరికి ఎలా ఉండాలో చెప్పాలన్నది ఆ ఆలోచన. అలా ఉందా లేదా అని యంత్రమే ముందు చూసుకుంటుంది. లేకపోతేనే చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా తేడా రాదు.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ‘గిన్నెలు తోము’ అనడం ఒకటి. ‘పొద్దున లేచేసరికి గిన్నెలు శుభ్రంగా ఉండాలి’ అనడం ఇంకొకటి. రెండోదానిలో ఉన్నాయా లేదా చూడటం, ఏవి మిగిలాయో గుర్తించడం, సబ్బు అయిపోతే తెప్పించడం అన్నీ కలిసే ఉన్నాయి. యంత్రానికి ఈ చూసుకునే పని నేర్పడానికి ఇంజినీర్లకి ఏళ్లు పట్టింది. చెయ్యడంలో సగం కష్టం చూసుకోవడంలోనే ఉందని వాళ్లు ఒప్పుకున్నారు, దానికి సాధనాలు కట్టారు, కంపెనీలు పెట్టారు. ఇళ్లల్లో అదే పనిని తలలో మోసే స్త్రీకి ఆ ఒప్పుకోలు ఇంకా దక్కలేదు.

తర్వాత 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. ఈ చివరి పేరు దగ్గర ఆగాలి. దూరపు యంత్రం మీద ముందుగా ప్రత్యేకమైన ఏజెంటు ప్రోగ్రామేదీ పెట్టకుండానే, ఎస్ఎస్‌హెచ్ దారిన వెళ్లి, ప్లేబుక్ అనే మామూలు పాఠ్యం చదివి సర్దిపెట్టడం దీని పద్ధతి. రాసింది మైకేల్ డిహాన్. 2015లో రెడ్‌హ్యాట్ కంపెనీ దీన్ని కొనుక్కుంది. ఆన్సిబుల్ అనే మాటని సృష్టించింది మాత్రం ఉర్సులా లె గ్విన్. స్త్రీపురుష భేదాన్నే ప్రశ్నించిన నవలలు రాసిన ఆ అమెరికన్ రచయిత్రి, 1966లో తన ‘రోకనన్స్ వరల్డ్’లో గ్రహాల మధ్య క్షణంలో కబురు చేర్చే పరికరానికి ఈ పేరు పెట్టింది. ఆ మాటని ఆర్సన్ స్కాట్ కార్డ్ తన ‘ఎండర్స్ గేమ్’లో వాడుకున్నాడు. డిహాన్ దాన్ని కార్డ్ నవలలోంచి తీసుకున్నాడు. రచయిత్రి కనిపెట్టిన మాట రచయిత చేతిమీదుగా ఇంజినీరుకి చేరింది. మన ఈసీఐఎల్ పుట్టడానికి ఏడాది ముందు పుట్టిన ఆ మాటని ఇవాళ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద రోజూ చూస్తాం. దాని వెనక ఒక రచయిత్రి ఉందని ఆ బోర్డులు చెప్పవు.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటకి ఒకటే రైలు. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా ఈ లైను వచ్చింది. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లిల నుంచి షేర్ ఆటోల్లో వచ్చి ఆ రైలెక్కే అమ్మాయిల్లో ఈ సర్వర్ల పని నేర్చుకుంటున్నవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఇటు ఉప్పల్ పారిశ్రామికవాడలో, అటు పోచారంలో కూడా పెద్ద క్యాంపసులున్నాయి. వాళ్ల జీవితాల్లో రిలీజ్ అనే మాటకి ఒక గడియారం ఉంది. అమెరికా తూర్పుతీరంలో శనివారం రాత్రి పదకొండు గంటలకి వాడకం తగ్గుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి అది అనువైన వేళ. మనకి అప్పుడు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. వాళ్ల ఆఫీసు వేళలో ఏదైనా చెడితే మనకి సాయంత్రం ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా. ఇంట్లో పనులు నెత్తిమీద పడేదీ సరిగ్గా ఆదివారం పొద్దునే, సాయంత్రమే.

రాత్రిపనికీ ఒక చరిత్ర ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకి సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా పని ఇవ్వకూడదంది. రక్షణ పేరుతో పెట్టిన ఆ నిషేధాన్ని స్త్రీలు ఎన్నోసార్లు ప్రశ్నించారు. మన రాష్ట్రంలో ఐటీ సంస్థలకి షాపుల చట్టంలోని అలాంటి నిబంధన నుంచి మినహాయింపు 2000 తర్వాత దొరికింది. స్త్రీలు అడిగినందుకు కాదు, పరిశ్రమకి కావలసొచ్చింది కాబట్టి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ స్త్రీల సమ్మతితో రాత్రిపని ఇవ్వొచ్చంటోంది. రిలీజ్ వంతు వద్దంటే ప్రమోషన్ జాబితాలో పేరు కిందికి జారే చోట సమ్మతి అనే మాటకి ఎంత బరువుంటుంది?

స్క్రిప్టులు ఈ రాత్రుల్ని తేలిక చేస్తాయనే ఆశ అబద్ధం కాదు. చాలావరకు చేశాయి. చేత్తో చేసే పద్ధతిలో ఎంత ప్రమాదముందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకి తెలిసింది. కొత్త ప్రోగ్రాంని ఎనిమిది సర్వర్లలోకి ఎక్కించవలసి ఉండగా ఒకదానిలో మర్చిపోయారు. ఆ ఒక్కదానిలో మిగిలిన పాత ప్రోగ్రాం ముప్పావుగంట పాటు పిచ్చిగా కొనుగోళ్లు, అమ్మకాలు చేసి 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. ఎనిమిదింటినీ సరిచూసే స్క్రిప్టు ఉంటే అది జరిగేది కాదు. కానీ 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు సవరణ మనిషి ప్రమేయం లేకుండా లోకమంతా పాకి, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడగొట్టింది. ఆరోజు హైదరాబాద్ విమానాశ్రయంలో పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూశారు. పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి లేపాల్సొచ్చింది. ఆటోమేషన్ చేతిపనిని పూర్తిగా తీసెయ్యదు. మామూలు రోజుల్లోంచి తీసి ఆపద రోజు మీద పెడుతుంది. ఆ రోజు పిలుపు అందుకోవడానికి ఎవరో ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.

ఈ పని చేసే మా కాలనీ అమ్మాయి ఒకసారి అన్నది: “స్క్రిప్టు నేనే రాసిన ఆంటీ. అది నడిస్తే సిస్టం నడిచింది అంటరు. ఆగితే నన్ను లేపుతరు.” రాసేముందు ఆ బృందంలో ఉన్నంతమంది రాశాక లేరు. మిగిలిన కొద్దిమందికి వంతులు త్వరత్వరగా తిరిగొస్తున్నాయి. వాళ్ల చేతిలో ఉన్న విద్య ఫైల్లోకి ఎక్కింది, ఫైలు కంపెనీ సొత్తయింది.

అయినా ఈ చరిత్రలో ఒక వెలుతురు కూడా ఉంది. స్క్రిప్టుల్ని ఇవాళ ఎక్కువగా గిట్ అనే పద్ధతిలో దాస్తారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తెచ్చిన ఈ సాధనంలో ఏ వరస ఎవరు రాశారో, ఏ రోజు ఏ గంటకి మార్చారో నమోదై ఉంటుంది. ఎనియాక్ స్త్రీలకి ఆ నమోదు లేదు. వంటింట్లో మన అమ్మలకీ లేదు. సర్దిపెట్టే పనికి వరస వరసకీ పేరు పడటం చిన్న విషయం కాదు.

కాబట్టి ఈ రంగంలో ఉన్న మన అమ్మాయిలు తమ పేరు పడిన ఆ పట్టీని పక్కన పెట్టుకుని లెక్క అడగాలి. స్క్రిప్టు రాసి మిగిల్చిన గంటలు ఎవరి ఖాతాలో పడ్డాయి? ఆదివారం వంతుల్లో ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చింది? పిలుపు కోసం మేలుకుని ఉన్న రాత్రి పనిగంటల్లోకి వస్తుందా? ప్రమోషన్ ఇచ్చేటప్పుడు కొత్తది కట్టినవాళ్లతో పాటు కట్టినదాన్ని నిలబెట్టినవాళ్లని కూడా చూస్తున్నారా? జవాబులకి కావలసిన తేదీలు, గంటలు, పేర్లు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఎవరో నలభై ఏళ్ల తర్వాత ఫొటోలు పట్టుకుని వచ్చి వెతికేదాకా ఆగక్కర్లేదు.